సంతకము లేని జాబులు



స్త్రీ చేతికి కలము వచ్చిన నాటినుండి ఆ కలమును జూచి లోకము భయపడుచునే యున్నది. "ఆడుదానికి చదువు చెప్పినచో జాబులు వ్రాయును" అను మాట మన తాతలనాటి యిండ్లలో వినబడినదే. భాగవతము చదువుకొనుటకు అడ్డుచెప్పని పెద్దలు సయితము వ్రాత నేర్పుటకు సందేహించిరి. చదువుట యనగా ఒకరు చెప్పినది వినుట. వ్రాయుట యనగా తాను చెప్పుట. భయమంతయు ఆ రెండవదాని యందే యున్నది.

మన కావ్యకర్తలకు మాత్ర మీ భయము లేదు. కాళిదాసుని శకుంతల తామరాకుపై గోటితో తన మనస్సును వ్రాసినది. దానిని పూలలో దాచి, దేవతా ప్రసాదమను నెపమున రాజునకు చేర్చెదనని చెలికత్తె ప్రియంవద పలికినది. విక్రమోర్వశీయమున ఊర్వశి కంటికి కనబడక నిలిచి భూర్జపత్రముపై వ్రాసి పడవైచినది. విదూషకుని ఏమరుపాటున ఆ పత్రము గాలికెగిరి, తుదకు పట్టమహిషి చేతికే చిక్కినది. మన పోతనగారి రుక్మిణి అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని పిలిచి, తన మాటను అతని నోట ద్వారకకు పంపినది.

ఈ మూడు కథలయందును ఒక సంగతి గమనింపదగి యున్నది. మనసులోని మాట తెలుపుట ఆ స్త్రీలకు దోషము కాలేదు. రుక్మిణి మాటకు ఒక పెద్దమనిషి సాక్షిగా నిలిచెను, కార్యము నెరవేరినది. ఊర్వశి పత్రము దారి తప్పినది, రాజు భార్యయెదుట తలవంచుకొనవలసి వచ్చినది. శకుంతలకు ఉంగరము తప్ప వేరు సాక్ష్యము లేకపోయెను. ఆ ఉంగరము నీటిపాలయిన నాడు నిండు సభలో ఆమె మాట నమ్మువా రొక్కరును లేకపోయిరి. కావున దుఃఖమునకు హేతువు జాబు కాదు, సాక్షి లేని రహస్యము.

ఇట్టి రహస్యమునే కడుపున దాచుకొన్న నవల యొకటి ఇంగ్లండున రెండువందల యేండ్లకు పూర్వము పుట్టినది. దాని పేరు "ఎమ్మా". వ్రాసినది జేన్ ఆస్టిన్. మా ఇంటివారు బడిపంతులగుటచే పుస్తకములకు మాయింట కొదవలేదు. వారు తెచ్చియిచ్చిన ఈ నవలను చదివి, దానిలో కనబడని జాబులను తెలుగున పూరించి మరల చెప్పవలెనని మాకు తోచినది. ఎందులకో ముందు చెప్పెదము.

ఆస్టిన్ 1775వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన ఒక మతాచార్యుని కుమార్తెగా జన్మించి, 1817 జూలై 18న నలువదిరెండేండ్లయిన నిండకయే గతించినది. ఆమె గ్రంథములు వెలువడిన కాలమును ఆ దేశమువారు రీజెన్సీ కాలమందురు. మూడవ జార్జిరాజునకు మతిచలించుటచే, 1811 మొదలు 1820 వరకు యువరాజు తండ్రికి మారుగా రాజ్యమేలెను. అప్పటికి మన ఉత్తర సర్కారులు కుంపిణీవారి యేలుబడి క్రిందనే యున్నవి. 1811లో ఆస్టిన్ మొదటి నవల అచ్చయినప్పుడు దానిపై గ్రంథకర్త్రి పేరు లేదు, "ఒక స్త్రీ వ్రాసినది" అని మాత్రమే యున్నది. 1813లో వచ్చిన రెండవ నవలపై "మొదటి నవలను వ్రాసినవారు" అని యున్నది. 1815 డిసెంబరున వెలువడిన "ఎమ్మా" సాక్షాత్తు ఆ యువరాజునకే అంకితమయ్యెను గాని, ముఖపత్రముపై ఆమె పేరు రాలేదు. ఆమె మరణించిన పిమ్మటనే సోదరుడు హెన్రీ ఆ పేరును లోకమునకు తెలిపెను. బ్రతికియున్నన్నాళ్ళు తన గ్రంథములపై తన పేరు చూచుకొనని యీమెకు, పేరులేని వ్రాత యొక్క బరువు తెలియకుండునా? ఆమె చిన్నచిన్న కాగితములపై వ్రాయుచు, ఎవరైన వచ్చినచో వానిని చాటుచేసెడిదని ఆమె మేనల్లుడు వ్రాసిన జీవితచరిత్ర చెప్పుచున్నది. ఆమె స్వంత జాబులలోను అనేకములను అక్క కసాండ్రా తగులబెట్టినది. మిగిలినవి ఇంచుమించు 160 మాత్రమే.

ఇక ఆ దేశమునందలి జాబుల పద్ధతి తెలియనిది ఈ కథ రుచింపదు. ఆనాడు జాబు పంపినవారు కాక అందుకొన్నవారు రుసుము చెల్లించెడివారు. దూరమునుబట్టియు కాగితముల లెక్కనుబట్టియు రుసుము పెరిగెడిది. కావున పొదుపరులు కాగితము నిండిన పిమ్మట దానినే అడ్డముగ త్రిప్పి, వ్రాసిన పంక్తులపైననే మరల వ్రాసెడివారు. ఆ దేశమున 1840లో ఒక పెన్నీ తపాలా వచ్చినది. మన దేశమున 1854లో అర్ధణా బిళ్ళతో ఎంత దూరమైనను తేలికపాటి జాబు పోవు ఏర్పాటు కలిగినది. అంతకుముందు జాబనునది పేదవారికి ఖర్చుతో కూడిన వస్తువు.

వేరొక కట్టుబాటు గలదు. వివాహనిశ్చయము కాని కన్య పరపురుషునకు జాబు వ్రాయరాదు. వ్రాసినచో వారికి నిశ్చయమైనదని లోకమనుకొనును. ఆస్టిన్ మొదటి నవలలో ఒక అక్క, తన చెల్లెలు ఒక యువకునకు జాబు వ్రాయుట చూచి, నిశ్చయమైనదనియే తలచును. కాలేదని పిమ్మట తెలిసి కుమిలిపోవును. జాబు బయటపడి వివాహము తప్పినచో కన్య పేరు చెడును, పురుషునకు కొలది నాళ్ళలో మాసిపోవును. ఈ మాట అచ్చటి ఆచారముగా వ్రాయుచున్నాము గాని, మన వీధులకు కొత్త కాదు.

ఇప్పుడు కథ. హైబరీ యనునది లండనుకు సమీపమున ఒక పెద్ద గ్రామము. ఎమ్మా అచ్చటి ధనవంతుని కుమార్తె, ఇరువది యొకటవ యేడు నడుచుచున్న చక్కని పిల్ల. ఇతరుల పెండ్లిండ్లు కుదుర్చుట ఆమెకు వినోదము. ఎవరు ఎవరిని ప్రేమించుచున్నారో తనకు తెలియునని ఆమె నమ్మకము. కథ ఇంచుమించు అంతయు ఆమె కంటితోనే మనకు కనబడును, ఆమె కన్ను మాటిమాటికి పొరబడును. అదే గ్రామమున మేడపై అద్దెగదులలో ముసలి బేట్సమ్మయు, ఆమె అవివాహిత కుమార్తెయు పేదరికమున కాలము గడుపుచుందురు. ఆ ముసలామె మనుమరాలు జేన్ ఫెయిర్‌ఫాక్స్. తండ్రి యుద్ధమున పోయెను, తల్లి క్షయరోగమున పోయెను. తండ్రి స్నేహితుడగు ఒక కర్నలు ఆమెను తన కుమార్తెతో పాటు పెంచి చదువు చెప్పించెను గాని, ఆస్తి యిచ్చుటకు శక్తుడు కాడు. ఇరువదియొక్క యేండ్లు వచ్చిన పిమ్మట ఆమె పరాయి యింట పిల్లలకు చదువు చెప్పు కొలువున చేరి బ్రతుకవలెను. విద్య చెప్పుట మన దేశమున గౌరవమైన వృత్తి. అచ్చటి ఆ కొలువు వేరు. ఆమె ఆ యింటి మనిషి కాదు, పనిమనిషియును కాదు. ఆ కొలువు కుదుర్చు వ్యాపారమును జేన్ బానిసల వ్యాపారముతో పోల్చి మాటలాడునట్లు ఆస్టిన్ వ్రాసినది.

వేమౌత్ అను సముద్రతీరపు ఊరిలో ఈమెకు ఫ్రాంక్ చర్చిల్ అను యువకునితో పరిచయమై, రహస్యముగ వివాహనిశ్చయమైనది. అతడు హైబరీలోని వెస్టనుగారి కుమారుడేయైనను, మేనమామ యింట పెరిగి ఆ యాస్తికి వారసుడు కావలసినవాడు. మేనత్త గయ్యాళి. పేదపిల్లను చేసికొందునన్నచో ఆస్తి పోవును. కావున ఇరువురును హైబరీకి వచ్చి, కేవలము ముఖపరిచయము గలవారివలె మెలగుదురు. చాటుచేయుటకై ఫ్రాంకు అందరియెదుట ఎమ్మాతో సరసములాడును.

ఈ రహస్యము కథ చివర గాని బయటపడదు. అంతవరకు జేన్ వ్రాసిన జాబులు ఒక్కటియు మనకు ఆస్టిన్ చూపలేదు. జాడలు మాత్రము విడిచినది. మేము ఆ జాడలను పట్టుకొని, కథలో లేని సంఘటన యేదియు చేర్చక, ఐదు జాబులను కల్పించితిమి. వీనిలోని మాటలు మావి, సంగతులు ఆస్టినువి. పట్టుబడునను భయమున జేన్ తన పేరు వ్రాయలేదనియు, అతని పేరును వ్రాయలేదనియు ఊహించితిమి.

మొదటి జాబు. ఫిబ్రవరి చివర.

"ఉభయకుశలోపరి యని వ్రాయుటకు చేయి రాలేదు. మీరు వెళ్ళిన మరునాటినుండి వాన. మీరు లండనుకు క్షౌరమునకై వెళ్ళితిరని ఊరంతయు నవ్వినది. ఆ పయనము దేనికో నాకొక్కతెకే తెలిసినది. పియానో వచ్చినప్పుడు మా పెద్దమ్మ చప్పట్లు కొట్టినది. పంపినవారి పేరు లేదు. కర్నలుగారే పంపియుందురని అందరును అనుచున్నారు. నేను కాదనలేదు, ఔననలేదు. పేరులేని కానుక యింటిలో పెట్టుకొన్న పిల్లను ఊరు ఎన్ని కన్నులతో చూచునో మీరు యోచించితిరా? వాయించినప్పుడు సంతోషము, మూత వేసినప్పుడు సిగ్గు. మీరు ఇచ్చినది సంగీతము. దానితో పాటు నా చేత పలికించినది అబద్ధము."

ఈ పియానో కథలో నిజముగ వచ్చినదే. ఎమ్మా దానిని చూచి, కర్నలు అల్లుడగు డిక్సను పంపియుండునని లేనిపోని శంక చేయును. ఆ శంకను ఫ్రాంకు చెవినే వేయును. అతడు దానిని ఖండింపక ఉబ్బించును. తన రహస్యము దాగుటకై తన్ను నమ్మిన పిల్లమీద నీడ పడనిచ్చుట ఎట్టి ప్రేమయో చదువరులే చెప్పవలెను.

రెండవ జాబు. వసంతారంభము.

"ఈ దినము వానలో తడిసి తపాలా కచేరీకి వెళ్ళితిని. మీ జాబు కొంగు క్రింద దాచుకొని వచ్చితిని. రాత్రి విందులో అందరును నన్ను మందలించిరి. ఎల్టనుగారి భార్య తన నౌకరుచేత నా జాబులు తెప్పించి యిచ్చునట. మూడుసార్లు వలదంటిని, నాలుగవసారి మాట మార్చి తపాలా వారిని పొగడితిని. ఇన్ని వేల జాబులలో ఒక్కటియు దారితప్పదు గదాయని నే ననుచుండగా నా గుండె కొట్టుకొనుట నాకే వినబడినది. ఇంటికి వచ్చు జాబులన్నిటిని పెద్దమ్మ బిగ్గరగా చదువును. వచ్చినవారికెల్ల చదువును. ఆమెకు నాయందు ప్రేమ మెండు. అందుకే నాకు వానయును తపాలా కచేరీయును శరణ్యమైనవి. ఊరి సంగతి యొకటి. వైద్యుడు పెర్రీగారు బండి కొనవలెనని వారి భార్య కోరిక. ఇది రహస్యముగ మాతో చెప్పినది, మీ లోపలనే యుంచుకొనుడు."

జూన్ నెలలో ఫ్రాంకు మరల హైబరీకి వచ్చుచు పోవుచుండెను. ఒకనాడు నలుగురిలో నడుచుచు, "పెర్రీ బండి కొనుట యేమైనది?" అని నోరు జారెను. ఎవరు చెప్పిరని అడుగగా తల్లి జాబులో వ్రాసినదనెను. ఆమె నేనెరుగననెను. అప్పుడు కలలో కంటి ననెను. బేట్సు కుమార్తె వెంటనే ఆ సంగతి తమ యింటివారికిని మరి యొక్క యింటివారికిని తప్ప మరెవ్వరికిని తెలియదని ఊరక వాగినది. ఆ సాయంకాలమే పిల్లల అక్షరపు బిళ్ళలతో ఆట జరిగినది. ఫ్రాంకు "పొరపాటు" అను అర్థమిచ్చు మాటను కూర్చి జేన్ ముందు పెట్టెను. అది క్షమాపణ. అంతటితో ఊరకుండక, ఎమ్మాను నవ్వించుటకై "డిక్సను" అను పేరు కూర్చి అదియును ఆమె ముందు పెట్టెను. ఆమె ముఖము ఎర్రవారినది. ఎమ్మాకు చిరకాల మిత్రుడును వివేకియునగు నైట్లీ యొక్కడే ఇదంతయు గమనించెను.

మూడవ జాబు. ఆ రాత్రి.

"మొదటి మాటను మన్నించితిని. రెండవదానిని మన్నించుట నా వశమున లేదు. నన్ను పెంచినవారి యల్లుని పేరు ఆటబిళ్ళలతో నా ముందు పేర్చి, మీరిరువురు నవ్వితిరి. ఆ నవ్వు నాకు ఇప్పటివరకు తెలియని కథ యొకటి చెప్పినది. నా జాబులు మీకు వినోదమగుచున్నవేమో యని మొదటిసారి తోచినది. దీపము తగ్గినది. పెద్దమ్మ మేలుకొన్నది."

పిమ్మట ఒకనాడు నైట్లీగారి తోటలో స్ట్రాబెరీపండ్లు కోయు వేడుక. జేన్ అలసితినని ఒంటరిగ నడచి యింటికి బయలుదేరినది. దారిలో ఫ్రాంకు ఎదురై వెంట వత్తుననెను. ఎవరైన చూచినచో గుట్టు బయటపడునని ఆమె వలదన్నది. అతడు దానిని నిర్దయ యనుకొని కోపించెను. మరునాడు బాక్సు గుట్టకు వనభోజనమునకు వెళ్ళినప్పుడు ఆ కోపము తీర్చుకొనుటకై జేన్ చూచుచుండగనే ఎమ్మాతో మితిమీరి సరసములాడెను. ఎమ్మా సయితము ఆ ఉత్సాహములో బేట్సు కుమార్తెను నలుగురిలో ఎగతాళి చేసినది. అందులకు నైట్లీ మందలింపగా దారిపొడవున కంటతడి పెట్టినది. ఎమ్మా మనసు మారిన చోటు అదియే. ఆ దినమున జేన్ మనసు విరిగినదని మాత్రము ఆమెకు తెలియదు.

నాలుగవ జాబు. గుట్టనుండి వచ్చిన పిమ్మట.

"మన నిశ్చయమును నేను రద్దు చేయుచున్నాను. ఇది మనలో నెవ్వరికిని సుఖమీయలేదు. రహస్యమున మాట యిచ్చుట తప్పని నాకు మొదటినుండి తెలియును. తెలిసియు ఇచ్చితిని. ఆ తప్పునకు నిందింపవలసినది నన్నే, మిమ్ము కాదు. నన్ను కొలువున పెట్టుకొందుమని వచ్చిన మాటకు ఈ సాయంకాలము ఒప్పుకొంటిని. ముగ్గురు పిల్లలట. వారికి అక్షరములు నేర్పెదను. ఒక్క ప్రత్యుత్తరము కోరుచున్నాను."

ఆ జాబు ఫ్రాంకునకు చేరిన దినముననే అతని మేనత్త మరణించినది. అతడు వెంటనే ప్రత్యుత్తరము వ్రాసెను. ఆ తొందరలో దానిని పంపవలసిన జాబులలో కలుపక, వ్రాతబల్లలో పెట్టి తాళము వేసెను. పంపితిననియే అనుకొనెను. ఇచ్చట ఈ పిల్ల దినములు లెక్కించినది. తపాలా వారిని పొగడిన నోటితోనే వారిని శంకింపవలసి వచ్చినది.

ఐదవ జాబు. చుట్టబెట్టిన కట్టతో.

"మీ జాబులన్నియు ఇందున్నవి. నావి నాకు పంపుడు. వారము దాటినచో బ్రిస్టలు దగ్గర నేను చేరబోవు ఇంటికి పంపుడు."

ఆ యింటి పేరు చూచి గాని ఫ్రాంకునకు తాను పోగొట్టుకొనుచున్న దేమో తెలియలేదు. మేనమామ కాళ్ళపై పడి అనుమతి పొంది, హైబరీకి పరుగెత్తుకొని వచ్చెను. కథ సుఖాంతము. ఎమ్మాకు నైట్లీతో వివాహము, జేన్‌కు ఫ్రాంకుతో. అందరు నవ్వుచుండగా ఆ పిల్ల తపాలా కచేరీ దారిలో తడిసిన దినములను ఎవ్వరును లెక్కింపరు. వేరొక సంగతి. ఫ్రాంకు తన తప్పులకు సమాధానముగ సవతితల్లికి సుదీర్ఘమైన జాబు వ్రాయును, నవలలో ఆ జాబుకు ఒక ప్రకరణమే దక్కినది. జేన్ జాబులకు ఒక్క పుట యైనను దక్కలేదు. మేము ఈ పనికి పూనుకొనుటకు కారణమిదియే.

ఈ కథను మా వీధి స్త్రీలకు కొన్ని మధ్యాహ్నములు చదివి వినిపించితిమి. మాది అనకాపల్లి. బెల్లపు బజారుకు పేరొందిన ఊరు. ఇచ్చట మూటకట్టిన బెల్లమునకును వాసన దాగదు, కన్నపిల్ల దిగులునకును వాసన దాగదు. ఒక వృద్ధురాలు వినినంతసేపు పలుకక, చివర నిట్లనినది: "ఆ కుర్రాడికేటి పోయిందమ్మా? అత్త సచ్చింది, ఆస్తొచ్చింది, పిల్లొచ్చింది. ఆ అత్త సావకపోతే ఈ పిల్ల గతేటి?" మేము బదులు చెప్పలేకపోతిమి. ఆస్టిన్ సయితము ఈ ప్రశ్నకు బదులు చెప్పలేదు. మేనత్త మరణమే సుఖాంతమునకు దారి తీసినదని తెలిసియే, ఆమె చిరునవ్వుతో దాటిపోయినదని మాకు తోచుచున్నది.

కళాశాలలో చదువుచున్న ఒక బాలిక వేరు సంగతి యెత్తినది. "ఆమెకు జాబులు తిరిగి యిచ్చుటకును అడుగుటకును వీలైనది. కట్టగట్టి యిచ్చిన తీరిపోయినది. మేము ఫోనులో పంపిన మాటయు పటమును ఎన్ని చేతులకు పోవునో తెలియదు. చెరిపితిమన్నను ఎక్కడనో నొకచోట నుండును. నావి నాకిమ్మని ఎవరిని అడుగుట?" అని ఆమె యనగా, కూర్చున్న తల్లులందరు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. ఒక తల్లి, "అందుకే పిల్ల ఫోను రాత్రిపూట నేను తీసి చూచుచున్నాను" అనినది. ఆ బాలిక నెమ్మదిగా, "మీరు చూచుచున్నారని తెలిసినచో మీ పిల్ల రెండవ పేరుతో వేరొకచోట వ్రాయును, పిన్నిగారూ" అనినది.

మాకీ కథ ముడి ఆ మాటతో విడినది. బేట్సు కుమార్తె దుష్టురాలు కాదు. చెల్లెలి కూతురిపై ప్రాణము పెట్టుకొన్నది. అయినను ఆ యింట ఒక జాబు తలుపు దాటి లోపలికి వచ్చినచో పదిమంది చెవినబడును. తన మాట తనదిగా నిలుపుకొనుటకు చోటు లేని పిల్ల, తన మాటను వానలోనికి తీసికొని పోయినది. ఆమె రహస్యమునకు ఫ్రాంకు ఆశ యెంత కారణమో, ఆ యింటి నోరు నంత కారణము. ప్రేమ యుండిన చాలదు. విన్నదానిని కడుపున దాచుకొనుటయు ప్రేమలో నొక భాగమే. పిల్ల సంగతి పేరంటమున పంచిపెట్టు తల్లికి ఆ పిల్ల రెండవ సంగతి చెప్పదు.

రహస్యపు జాబునకు ఎదురుగా మన తెలుగున బహిరంగ లేఖ యొకటి గలదు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1896లో బాపట్లలో జన్మించిరి. వారు 1929 మొదలు కొన్ని సంవత్సరములు "గృహలక్ష్మి" మాసపత్రికలో "శారద లేఖలు" వ్రాసిరి. శారద యను స్త్రీ కల్పలత యను స్నేహితురాలికి వ్రాయు జాబులవి. పేరు కల్పితమే, చేయి దాగినదే. అయినను జాబు ఒక్కరి కొంగున దాగక, వేలయిండ్ల వాకిట విప్పబడినది. స్త్రీవిద్య, వివాహ వయస్సు, హక్కులు మొదలగు విషయములు వానిలో చర్చకు వచ్చినవి. ఆ 1929లోనే బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము పుట్టినది. బాలికకు పదునాలుగేండ్లును బాలునకు పదునెనిమిదేండ్లును నిండనిది వివాహము చేయరాదని అది విధించినది. సభలో మాటలాడ వెరచు గృహిణి సయితము "ప్రియమైన కల్పలతా" యని పిలిచినచో తన్నే పిలిచినట్లు చెవి యొగ్గినది. మా ఊరి ప్రక్కన పారు నదియును శారదయే. ఏటినీరు నలుగురు ముంచుకొనుటకున్నట్లు, ఆ లేఖలును నలుగురికొరకే వ్రాయబడినవి.

జేన్ జాబును శారద లేఖను ప్రక్కప్రక్క నుంచి చూచినచో ఒక భేదము స్పష్టమగును. ఇరువురును పేరు దాచిరి. జేన్ పేరు దాచుట వలన ఆమె ఒంటరిదైనది. శారద పేరు దాచుట వలన వేలమంది చెలులను పొందినది. పేరు చాటుచేయుట యొక్కటే మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. దానివలన లాభము ఎవరికి, నష్టము ఎవరికి అని విచారింపవలెను. ఫ్రాంకు గుట్టు ఫ్రాంకు ఆస్తిని కాపాడినది, దాని వెల జేన్ చెల్లించినది. ఆనాటి తపాలా రుసుము వలెనే పంపినవాడు సుఖముగ నుండగా అందుకొన్నది చెల్లించినది.

కావున ఎదిగిన బాలికలు గల తల్లులకు మా మనవి యిది. పిల్ల జాబు వ్రాసినదా యని మొదట అడుగకుడు. ఆ మాట మీతో చెప్పుటకు మీ యింట చోటున్నదా యని మిమ్ము మీరే యడుగుడు. ఆమె చెప్పిన దానిని ప్రక్కింటికి చేర్చకుడు. ఆమెకు ఒక మాట మాత్రము చిన్ననాటనే నేర్పుడు: నిన్ను నలుగురిలో తనదానవని చెప్పుటకు వెరచువాడు నీ జాబును దాచుకొనుటకును అర్హుడు కాడు. రుక్మిణి పిలువగా వచ్చినవాడు రాజులందరు చూచుచుండగనే చేయి పట్టుకొని రథమెక్కించుకొనెను గాని, మాసముల తరబడి ఎరుగనట్లు నటించి రమ్మనలేదు.

పేరు వ్రాయుటకు వెరవనక్కరలేని యింట పుట్టిన జాబుకు కొంగుచాటు అక్కరలేదు. మన పిల్లలు వ్రాయు ప్రతి మాట క్రిందను వారి సంతకము నిర్భయముగ నిలుచుగాక.